మిరుగం చేపలు

హన్మాండ్లును చావడి స్తంభానికి కట్టి అప్పటికి గంట దాటింది. చేతులు రెండూ స్తంభం వెనక్కి తిప్పి వల తాడుతో బిగించారు. ఆ తాడు అతను తన చేతులతో పేనుకున్నదే. ఎడమ చేతి వేళ్లు మూడు విరిగి, వాచి, నల్లబడ్డాయి. పొద్దున గుడిసె ముందు పట్టుకున్నప్పుడు ఎవడో రోకలితో కొట్టాడు. ఎవడు కొట్టాడో అతనికి తెలియదు. కొట్టినవాడికి తెలుసు.

చర్నకోల పట్టుకున్నది దేవన్న పటేల్. అరవై ఏళ్ల మనిషి. ఎద్దులను కూడా కొట్టడని పేరు. తెల్లవారకముందే అతని మనవడు పోయాడు. పిల్లవాడికి నాలుగేళ్లు. శవం ఇంట్లో చాప మీద ఉంది, కోడలు దాన్ని వదలడం లేదు. దేవన్న ఇంట్లో కూర్చోలేక చావడికి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి కొడుతూనే ఉన్నాడు. అలసినప్పుడు అరుగు మీద కూర్చుని ముంతెడు నీళ్లు తాగి మళ్లీ లేస్తున్నాడు.

ఎల్లంగాంలో ఆ గురువారం మధ్యాహ్నానికి చచ్చినవాళ్లు ఆరుగురని ఊరి లెక్క. నూరు మందికి పైగా వాంతులు, విరేచనాలతో పడి ఉన్నారు. కర్ఖేలి రైలు స్టేషన్ దాకా మూడు కోసులు. రెండు బండ్లు రోగులను మోసుకుని పోయాయి. కంపౌండర్ ఒకడు పన్నెండు సెలైన్ సీసాలతో వచ్చాడు. పొద్దు నెత్తి మీదికి రాకముందే పన్నెండూ అయిపోయాయి.

జీపు వచ్చి చావడి ముందు ఆగింది.

"సార్, దిగకుండ్రి," అన్నాడు డ్రైవర్ దిగంబర్. "మంది మంచిగ లేరు. తహసీల్‌కు పోయి పోలీసోల్లను తీస్కొని అద్దాం."

విశ్వేశ్వర్ దిగాడు. ముప్పై ఒక్క ఏళ్లవాడు. నాందేడ్‌లోని సర్కారు నీటి పరీక్ష ఆఫీసులో శాస్త్రవేత్త. ఎక్కడ నది చెడినా, ఎక్కడ చేపలు తేలినా అతన్నే పంపుతారు. బొంబాయి తీరంలో ఓడ పగిలి సముద్రంలో నూనె పారినప్పుడు మూడు నెలలు అక్కడ పనిచేసి వచ్చాడు. ఆఫీసులో ఆ పని తెలిసినవాడు అతనొక్కడే. పుట్టింది ముఖేడ్‌లో, కిరాణా దుకాణం పెట్టుకున్న కోమట్ల ఇంట్లో. ఆ ఇంట్లో అన్నం దగ్గర చేప అన్న మాట కూడా పలకరు.

"అచ్చిండు సర్కారోడు," అన్నాడు దేవన్న. చర్నకోల చివర నుంచి నెత్తురు కారుతోంది. "రా సాబ్, నీడకు రా. సూడు. ఇగో వీడే నా పిల్లగాన్ని మింగినోడు."

హన్మాండ్లు తల ఎత్తాడు. జీపును చూశాడు. విశ్వేశ్వర్‌ను చూశాడు. అతని ముఖంలోకి ఆశ వచ్చింది. దాన్ని చూడకుండా ఉండడానికి విశ్వేశ్వర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

జరిగింది ఇది. సోమవారం తెల్లవారుజామున ఊరికి ఎగువనున్న సారా ఫ్యాక్టరీ మడ్డి చెరువు కట్ట తెగింది. బెల్లం మడ్డి నుంచి సారా తీశాక మిగిలే వేడి నల్లనీళ్లు అందులో నిలవ ఉంటాయి. అవి వాగులో పడి, వాగు నుంచి గంగలో, అంటే గోదావరిలో, పడ్డాయి. ఎండాకాలం చివర గంగ పారదు. మడుగులుగా నిలుస్తుంది. ఎల్లంగాం మడుగు మైలు పొడవు. ఎగువా దిగువా నీళ్లు ఎండిపోయాక చేపలన్నీ అందులోనే చేరి ఉన్నాయి. సాయంత్రానికి మడుగు మాడిన బెల్లం వాసన వేసింది. రాత్రి చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి. తెల్లవారేసరికి పొట్టలు మీదికి తిప్పాయి.

మంగళవారం విశ్వేశ్వర్ వచ్చాడు. చేయవలసినవి చేశాడు. సీసాలు నింపాడు, లక్క పోసి ముద్రలు వేశాడు. ఊళ్లో డప్పు వేయించాడు. గంగ నీళ్లు తాగొద్దు, ఇసుకలో చెలిమె తోడుకున్నా ఆ నీళ్లు తాగొద్దు, పశువులకు పెట్టొద్దు అని చాటించాడు. తాలూకా నుంచి మంచినీళ్ల ట్యాంకరు తెప్పించాడు. చచ్చిన చేపలు నీళ్లలోనే కుళ్లితే మడుగు ఇంకా చెడుతుంది, దిగువన ధర్మాబాద్ తాలూకా ఊళ్లు ఇసుక కింద ఊరి వచ్చే ఆ నీళ్లే తోడుకుంటాయి. అందుకని బెస్తవాళ్లను పిలిపించాడు.

"ఎంతమందిరా మీరు?"

"ఎనిమిది మందిమి సార్. నేను పెద్దోన్ని, హన్మాండ్లు నా పేరు."

"పొద్దు గూకేలోపట చేపలన్ని బయటికి గుంజుండ్రి. ఒక్కటి ఉండొద్దు. గడ్డ మీద కుప్పలు పొయ్యుండ్రి."

"అన్నీనా సార్?"

"అన్ని."

చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ మాట అన్నాడు. బొంబాయిలో నేర్చిన పుస్తకంలో ఆ తరువాతి వాక్యం కూడా ఉంది. సున్నం వేసి నిలువులోతు గోతిలో పూడ్చాలి. సున్నం మరునాడు పంపుదామనుకున్నాడు. బొంబాయిలో చచ్చిన చేపలకు నూనె కంపు. కుక్కలు కూడా ముట్టలేదు. ఇక్కడివి తినేవి అన్న సంగతి అతని మనసుకు తట్టలేదు. అతని లెక్కలో చచ్చిన చేప అంటే చచ్చిన ఎలుక లాంటిది, ఊడ్చి పారేసేది. అయిదింటికి జీపెక్కి నాందేడ్ పోయాడు. ఇంటికి పోయి తలస్నానం చేశాడు.

బుధవారం మిరుగం.

ఆ దిక్కున మృగశిర కార్తె ప్రవేశించిన రోజు చేప తినని ఇల్లు ఉండదు. వాన వస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది, చేప తింటే ఏడాదంతా ఆయాసం రాదని తింటారు. పిల్లలకు ముందు పెడతారు. ఆ రోజు చేప ధర కిలో నాలుగు నుంచి పన్నెండుకు పోతుంది. కూలివాళ్లు వాసన చూసి ఊరుకుంటారు. ఈసారి గడ్డ మీద నలభై గంపల చేప ఉంది. సర్కారు మనిషి తీయించిన చేప. హన్మాండ్లు కిలో రెండు రూపాయలకు అమ్మాడు. లేనివాళ్లకు ఊరికే పోశాడు. దేవన్న ఇంటికి పెద్ద రవ్వచేప ఒకటి, తలా తోకా గంప దాటి వేలాడేది, మర్యాదగా పంపాడు. రాత్రంతా ఉక్కలో మురిగిన చేప అది. చింతపులుసు బాగా పోసి వండారు. అందరూ తిన్నారు.

ఇదంతా విశ్వేశ్వర్‌కు ఆ గురువారం జీపులో వస్తుంటే, దారిలో రోగుల బండ్లవాళ్లను అడిగి దిగంబర్ చెప్పాడు.  విశ్వేశ్వర్ మడుగు దగ్గర జీపు ఆపించి ఒక సీసా నీళ్లు పట్టుకున్నాడు.

చావడి అరుగు మీద ఒక ఎండ్రిన్ డబ్బా ఉంది. పత్తికి కొట్టే మందు. దాని పక్కన తెల్ల ధోతీ కట్టి, తమలపాకు నములుతూ రాధాకిషన్ సేటు కూర్చున్నాడు. ఫ్యాక్టరీకి బెల్లం మడ్డి తోలే గుత్త అతనిది. ఈ ఊళ్లో సారా దుకాణం, ధర్మాబాద్‌లో ఎరువులు, మందుల దుకాణం అతనివి. విశ్వేశ్వర్ తల్లికి పెదనాన్న కొడుకు.

"అల్లుడా, ఎండల పడి అచ్చినవ్. మజ్జిగ తాగుతవా?"

"వద్దు మామా. ఆ డబ్బా ఎక్కడిది?"

"వీని గుడిసెల దొరికింది. మిరుగం గిరాకి కోసం గంగల మందు గలిపిండు. సచ్చిన చేపలమ్మిండు. మందిని సంపిండు. పంచుల ముంగట తీసినం, పంచ్‌నామా గుడ అయ్యింది."

విశ్వేశ్వర్ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. దుకాణంలో పుట్టినవాడు. డబ్బా బరువు చేతికే తెలుస్తుంది. మూత తిప్పి చూశాడు. మూత కింద రేకు చిరగలేదు.

"ఇది ఇప్పలేదు," అన్నాడు. "నిండుగ ఉన్నది. సీలు గుడ తెగలే."

గుంపు కదిలింది. దేవన్న దగ్గరికి వచ్చి రేకు మీద గోటితో గీకి చూశాడు.

"రెండు డబ్బలు తెచ్చుకున్నడు గావచ్చు," అన్నాడు రాధాకిషన్, ఉమ్మి అవతల పడేలా వంగి. "ఒకటి పోసిండు. ఒకటి మిగిలింది."

"అవు, మిగిలి ఉంటది," అన్నారు ఇద్దరు ముగ్గురు. వాళ్లు ఫ్యాక్టరీలో రోజుకు ఏడు రూపాయల కూలీకి పోయేవాళ్లు.

దేవన్న విశ్వేశ్వర్ కళ్లలోకి చూశాడు. "మందు గాదంటవా సాబ్? అయితె ఏంది మల్ల? నా పిల్లగాడు ఏం తిని సచ్చిండు? దాని పేరు జెప్పు."

పేరు చెప్పాలంటే మంగళవారం సాయంత్రం దగ్గరికి పోవాలి. విశ్వేశ్వర్ అటు పోలేదు. జీపులోని పెట్టె తెచ్చాడు. తనకు తెలిసిన పని అది. రెండు గాజు సీసాలు జీపు ముందు రేకు మీద నిలబెట్టాడు. ఒకదానిలో చావడి కుండ నీళ్లు పోశాడు. రెండోది మడుగు నీళ్ల సీసా. రెంటిలోనూ రెండు రకాల మందుచుక్కలు వేసి, బిరడా బిగించి, తలకిందులు చేశాడు. కుండ నీళ్లలో గోధుమరంగు ముద్ద కట్టింది. మడుగు నీళ్లలో తెల్లటి ముద్ద దిగింది.

"సూడుండ్రి. నీళ్లల్ల గాలుంటె రంగొస్తది. గంగ నీళ్లల్ల గాలి లేదు. ఫ్యాక్టరీ నల్లనీళ్లు గాలినంత తాగేసినయి. చేపలు ఊపిరాడక సచ్చినయి. విషం గాదు."

"నీళ్లల్ల గాలేంది సాబ్?" అన్నాడొకడు.

"చేపలు గుడ పంకలేస్కొని పంటయారా?" అన్నాడు ఇంకొకడు. నలుగురు నవ్వారు. ఆరు శవాలున్న ఊళ్లో నవ్వారు.

రాధాకిషన్ లేచి వచ్చి రెండు సీసాలూ చెరొక చేత ఎత్తి పట్టుకున్నాడు. "ఓ దేవన్నా, సూడు. మంచినీళ్లు మట్టిరంగుకచ్చినయి. గంగ నీళ్లు పాలోలె తెల్లగైనయి. పరీక్షల గిట్ల తేడా ఎందుకొస్తది? ఇషముంటెనే అస్తది. అల్లుడు సదువుకున్నోడు, నాజూకుగ జెప్పుతుండు. సీసలు సాఫ్‌గ జెప్పుతున్నయి."

సీసాలు చేతి నుంచి చేతికి పోయాయి. తెలుపు అందరికీ కనిపించింది. గాలి ఎవరికీ కనిపించలేదు. ఒక ఆడమనిషి సీసా చూసి గుండెలు బాదుకుంది. ఆమె ఇద్దరు పిల్లలు చాప మీద ఉన్నారు. ఆమె సీసాను హన్మాండ్లు ముఖానికేసి కొట్టింది. సీసా పగిలి కనుబొమ దగ్గర చర్మం తెరుచుకుంది. గుంపు ఆమె వెనక నుంచి ముందుకు వచ్చింది. చెప్పులు, కట్టెలు, పిడికిళ్లు. విశ్వేశ్వర్‌ను ఎవరో భుజంతో పక్కకు తోశారు.

"ఆగుండ్రి!" హన్మాండ్లు అరిచాడు. కంట్లోకి నెత్తురు కారుతోంది. "పటేలా, ఒక్క మాటిను. మందేస్తె కొర్రమేను గుడ సావాలె. కొర్రమేన్లు సావలే. మార్పు చేపలు సావలే. మడుగుల ఇంక తిరుగుతనే ఉన్నయి. పోయి సూడు పటేలా. అవి పైకచ్చి గాలి మింగుతయి, అందుకె బతికినయి. రవ్వలు సచ్చినయి, బొచ్చెలు సచ్చినయి, జెల్లలు సచ్చినయి. మందైతె ఒక్కటి మిగిలేదా? నా తాతల కాంచి ఇదే పని, నాకు తెల్వదా?"

దేవన్న చేయెత్తి గుంపును ఆపాడు. పొలం చేసే మనిషి. కారణం చెబితే వింటాడు. విశ్వేశ్వర్ వైపు తిరిగాడు.

"నిజమేనా సాబ్? మందేస్తె కొర్రమేను గుడ సస్తదా?"

విశ్వేశ్వర్ నది గురించి పదేళ్లు చదివాడు. నీళ్లలో గాలి ఎంత ఉందో చుక్కల్లో లెక్క కట్టగలడు. కొర్రమేను ఎట్లా ఉంటుందో అతనికి తెలియదు. ఎన్నడూ చూడలేదు. అది పైకి వచ్చి గాలి మింగుతుందని వినలేదు. హన్మాండ్లు చెప్పింది తన సీసాల కన్నా గట్టి సాక్ష్యమని ఆ క్షణంలో లీలగా తోచింది. కాని తెలియనిదాన్ని తెలుసునని చెప్పడం అతనికి నేర్పలేదు.

"నాకు తెల్వదు," అన్నాడు.

దేవన్న పెదవి విరిచాడు. చర్నకోల మళ్లీ లేచింది. మూడు దెబ్బలు పడ్డాక హన్మాండ్లు ఏడ్చాడు. అంతవరకు ఏడవలేదు.

"సార్, జెప్పుండ్రి సార్. మీరే గద తియ్యమంటిరి. అన్ని తియ్యమంటిరి. నేను మీ ముంగటనే అడగలేదా? జెప్పుండ్రి సార్, మీ కాల్మొక్త."

 అందరూ విశ్వేశ్వర్ వైపు చూశారు. రాధాకిషన్ నమలడం ఆపాడు.

 విశ్వేశ్వర్‌కు ఎదురుగా దేవన్న చేతిలో తడిసిన తోలు ఉంది. దాని వెనక మూడు వందల మంది ఉన్నారు.

"తినుమని నేను జెప్పలే," అన్నాడు విశ్వేశ్వర్.

నిజమే. అంతకుముందు తెల్వదన్నదీ నిజమే. ఒక మనిషిని చంపడానికి ఆ రెండు నిజాలు చాలాయి.

 హన్మాండ్లు తల దించుకున్నాడు. దేవన్న చర్నకోల కింద పారేసి, గోడకు ఆనించిన గడ్డపార అందుకున్నాడు. రాధాకిషన్ మేనల్లుడి జబ్బ పట్టుకున్నాడు. "నువ్విటు రా. నువ్వు సూసేది గాదు." ఇరవై అడుగుల దూరంలోని సారా దుకాణంలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేశాడు.

దుకాణంలో చీకటిగా, చల్లగా ఉంది. పులిసిన వాసన. మంచం మీద ఒక కాగితం సిద్ధంగా ఉంది, మరాఠీలో, గుండ్రటి రాతలో. మిరుగం ధర కోసం భోయీ (బెస్త) హన్మాండ్లు నదిలో ఎండ్రిన్ కలిపాడు, నీటిలో విషం ఉన్నట్టు అక్కడికక్కడ చేసిన పరీక్షలో తేలింది అని ఉంది. అడుగున విశ్వేశ్వర్ పేరు, హోదా రాసి సంతకానికి చోటు వదిలారు.

"ఇది ఎప్పుడు రాయించినవ్ మామా?"

"పొద్దుగాల్ల."

"నేను రాకముందే?"

"నువ్వస్తవని తెలుసు గద." రాధాకిషన్ మంచం మీద కూర్చున్నాడు. "ఇను. ఫ్యాక్టరీల నూట నలబై మంది పని జేస్తరు. మడ్డి చెరువు ఎవని భూమిల ఉన్నది? దేవన్న భూమిల. కౌలు ఇస్తున్నరు. కట్ట పోసింది దేవన్న కొడుకులే, మొరం లేకుంట నల్లరేగడితోని పోసిండ్రు. గీ ముచ్చట బయటకొస్తె వాని మనుమన్ని సంపింది ఎవరైతరు? అందుకె గట్టిగ కొడుతుండు. వానికీ తెలుసు. తెల్వనట్టుండాలెనని కొడుతుండు."

బయట కేక వినిపించింది. మనిషి కేకలా లేదు. విశ్వేశ్వర్ తలుపు వైపు తిరిగాడు. రాధాకిషన్ మంచం మీద నుంచే కాలు చాచి తలుపుకు అడ్డం పెట్టాడు.

"మామా, చేపలు తియ్యమన్నది నేనే."

"ఊరంత తెలుసు. పూడ్చమన్నవా?"

"లేదు."

"అయితె ఆ మాట మల్ల నోట్లెకెల్లి రానియ్యకు. వాడు బతికితె నీ నౌకరి పోతది. జైలు గుడ అయితది. వాడు సస్తె నీ కాయితం ఉంటది. మీ అమ్మకు నేను అన్నను. నీ కీడు కోరుతనా?"

మళ్లీ కేక. ఇంకొకటి, చిన్నది. తరువాత ఒక చప్పుడు, మెత్తగా, ఎండిన సొరకాయ బండ మీద పడ్డట్టు. ఆ తరువాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు ఒకేసారి మూడు వందల మంది మాట్లాడడం మొదలైంది.

తలుపు బయటికి లాగి, అడ్డంగా చాచిన కాలు దాటి దిగంబర్ వచ్చాడు.  చొక్కా ముందుభాగం నెత్తురుతో తడిసి ఉంది. కొట్టేవాళ్లను ఆపడానికి మధ్యలోకి పోయాడు. ఆ గుంపులో మధ్యలోకి పోయినవాడు అతనొక్కడే.

"సార్, పాణం పోయింది. తలకాయ..." చేయి తన నెత్తి మీద పెట్టి దించాడు. "ఇగ బెస్తవాడకు పోతున్నరు. గ్యాసునూనె డబ్బలు పట్టుకున్నరు. మొగోల్లు గంగ అవతలికి ఉరికిండ్రట. ఆడోల్లు, పిలగాండ్లు ఇండ్లల్లనే ఉన్నరు."

"పోనియ్యి," అన్నాడు రాధాకిషన్. "పదకొండు గుడిసెలు. కాలినంక ఆల్లే సల్లవడుతరు. మల్ల సర్కారు రేకులిస్తది. నువ్వు సంతకం వెట్టు, విశ్వా. పెన్నున్నదా?"

విశ్వేశ్వర్ జేబులో పెన్ను ఉంది. దాన్ని తీయలేదు.

"పెట్ట," అన్నాడు.

"ఏందీ?"

"పెట్ట మామా. కాలు దియ్యి."

రాధాకిషన్ కాలు తీయలేదు. దిగంబర్ తీయించాడు. దానికి పెద్ద బలం కావలసి రాలేదు. అంత తేలిగ్గా తొలిగే కాలు అది. హన్మాండ్లు కేక వేసినప్పుడే తోసి ఉంటే అప్పుడూ తొలిగేది.

బయటికి వచ్చేసరికి చావడి ఖాళీగా ఉంది. స్తంభానికి వేలాడుతున్నదాన్ని విశ్వేశ్వర్ ఒకసారి చూశాడు. చూడకుండా పోవడానికి దారి లేదు. గుంపు పొలాల గట్టు మీదుగా సాగుతోంది. అతను వాగు ఇసుకలో అడ్డం పడి పరుగెత్తాడు. బూట్లలో ఇసుక నిండింది. ఒకచోట పడి మోకాలు గీరుకుపోయింది. లేచాడు.

బెస్తవాడ గంగ ఒడ్డున మెరక మీద ఉంది. పదకొండు గుడిసెలు, అన్నింటికీ జొన్న చొప్ప కప్పులే, జూన్ ఎండకు పొడిపొడిగా ఉన్నాయి. మొదటి గుడిసె ముందు ఒక ఆడమనిషి నిలబడి ఉంది. గుడిసెలో నేల మీద ముసలిదాని శవం కనిపిస్తోంది. ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. ఊరి లెక్కలోకి రాని ఏడో శవం.

"నువ్వు హన్మాండ్లు..."

"పెండ్లాన్ని. శివవ్వను." ఆమె అతన్ని గుర్తుపట్టింది. "మా అత్త సచ్చింది సార్. మాగ్గుడ అవే చేపలు. నా చిన్న పిల్ల గుడ వాంతులు జేసుకుంటుంది. మందు గలిపినోల్లం మేమెందుకు తింటం? మా ఆయినెకు జెప్పనీకి కబురు పంపిన, వాళ్లమ్మ పోయిందని. అందిందా?"

విశ్వేశ్వర్ పొలాల గట్టు వైపు తిరిగి చూశాడు.

గుంపు వచ్చింది. ముందు దేవన్న ఉన్నాడు. కర్రకు చుట్టిన గోనెపట్టా నూనెలో ముంచి అప్పటికే అంటించాడు. పట్టపగలు మంట సరిగా కనిపించడం లేదు, పొగ మాత్రం నల్లగా లేస్తోంది. ధోతీ మోకాళ్ల దాకా నెత్తురు. శివవ్వ ఆ ధోతీని చూసింది. ఇక కబురు సంగతి అడగలేదు.

"జరుగు," అన్నాడు దేవన్న. "పిల్లలను తీస్కొని పో. మీరు ఈ ఊళ్లె ఉండొద్దు."

"నేను పోను."

"పోవె!"

"యాడికి పోవాలె? నా మొగన్ని ఆడ వెట్టుకొని, నా అత్తనీడ వెట్టుకొని యాడికి పోవాలె? అంటువెట్టు. నేనుండంగనే అంటువెట్టు."

దేవన్న మంట ఎత్తాడు. విశ్వేశ్వర్ మధ్యలోకి వచ్చాడు. రొప్పుతున్నాడు. ఆఫీసు మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"పటేలా, చేపలు తియ్యమన్నది నేను."

"అడ్డం జరుగు సాబ్."

"వాడు నిజమే జెప్పిండు. నేనే తియ్యమన్న. అండ్ల మందు లేదు. ఫ్యాక్టరీ కట్ట తెగి నల్లనీళ్లకు ఊపిరాడక సచ్చినయి. కట్ట నీ భూమిల ఉన్నది, పోసింది నీ కొడుకులు, నీకు తెలుసు. సచ్చిన చేపలు రాత్రంత గడ్డ మీద మురిగినయి. సున్నమేసి పూడ్చుండ్రని నేను జెప్పాలె. అది నా పని. జెప్పలే."

దేవన్న చేయి గాలిలోనే ఆగింది.

"ఎందుకు జెప్పలే?"

"యాదికి రాలే."

"ఏంది యాదికి రాంది?"

విశ్వేశ్వర్ నేల వైపు చూశాడు. తరువాత తల ఎత్తాడు.

"తింటరని."

 దేవన్న దవడ కదిలింది. "తింటరని," అని తనలో తాను అన్నాడు. "మిరుగం నాడు." ఖాళీగా ఉన్న చేతితో విశ్వేశ్వర్ నోటి మీద కొట్టాడు. అరక దున్నిన చేయి. విశ్వేశ్వర్ వెల్లకిలా పడ్డాడు. కళ్లద్దాలు ఎటో పోయాయి. రెండు పళ్లు నాలుక మీద రాళ్లలా తగిలాయి. ఇంకొకడు వచ్చి డొక్కలో తన్నాడు. మూడోవాడు కాలెత్తాడు గాని, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక దించాడు.

"ఏమన్నడు?" అని వెనక నుంచి అడుగుతున్నారు. "సర్కారోడు ఏమన్నడు? కట్ట ముచ్చటేంది?"

"ఏం లేదు," అన్నాడు ముందు వరసలో దేవన్న పెద్ద కొడుకు, గబగబా. "ఎండదెబ్బ తాకింది. మతిలేక ఒర్రుతుండు. అంటువెట్టు బాపూ."

శివవ్వ వంగి విశ్వేశ్వర్ చొక్కా కాలరు పట్టుకుంది. లేవనెత్తిన తీరులో దయ లేదు. గంప ఎత్తినట్టు ఎత్తి నిలబెట్టింది.

"మల్ల జెప్పు," అంది. "ఎనకాలున్నోల్లకు ఇనవడలే."

అతను నోట్లోని నెత్తురు ఉమ్మాడు. మాట తిరగడం లేదు. పెదవి చీలి వేలాడుతోంది.

"జెప్పు. నా మొగడు అడిగినప్పుడు జెప్పలే. ఇప్పుడు జెప్పు. మొదటికెల్లి జెప్పు."

"చేపలు... తియ్యమన్నది... నేను."

"గట్టిగ."

గుంపు వెనక నుంచి, చావడిలో సీసాతో కొట్టిన ఆడమనిషి అందరినీ తోసుకుంటూ ముందుకు వస్తోంది. "జరుగుండ్రి," అంటోంది. "జరుగుండ్రి, నన్ను ఇననియ్యుండ్రి." దేవన్న కొడుకు ఆమె చేయి పట్టుకుని ఆపబోయాడు. ఆమె విదిలించుకుంది. దేవన్న ఎవరినీ చూడడం లేదు. కర్ర కాలి కాలి మంట అతని పిడికిలికి జానెడు దూరంలోకి వచ్చింది. అతను దాన్ని కప్పు మీదికి విసరలేదు. కింద పడేయనూ లేదు.